పార్టీ పోయింది, మనుషులు మిగిలారు: పోలండ్ లిబరల్ డెమొక్రాటిక్ కాంగ్రెస్

నీలగిరి | రాత్రి 8:12

2023 డిసెంబర్‌లో డోనాల్డ్ టుస్క్ మళ్ళీ పోలండ్ ప్రధాని అయ్యాడు కదా, ఆయన పాత చరిత్ర తిరగేస్తుంటే ఒకటి వింతగా తోచింది. 1990ల మొదట్లో ఆయన నడిపిన పార్టీ లిబరల్ డెమొక్రాటిక్ కాంగ్రెస్, పొడి అక్షరాల్లో కె.ఎల్.డి. 1991 జనవరిలో ఆ పార్టీ మనిషి దేశానికి ప్రధాని. 1993 సెప్టెంబర్‌కి పార్లమెంటులో ఒక్క సీటు లేదు. 1994 ఏప్రిల్‌కి పార్టీయే లేదు. స్కాములా, చేతగాని పొత్తులా, లేక జనానికి మొదట్నుంచీ పట్టలేదా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా రాయండి. వికీపీడియా లింకు మాత్రం పడేసి పోవద్దు, అది నేనూ చదివాను.

పాత_పేపరు | రాత్రి 8:49

నీలగిరి గారూ, ఇది గ్దాన్‌స్క్ కథ. బాల్టిక్ తీరాన ఓడలు కట్టే ఊరు, 1980లో సాలిడారిటీ యూనియన్ పుట్టిన చోటు. 1981 డిసెంబర్‌లో మార్షల్ లా పెట్టాక సాలిడారిటీలో తిరిగిన చదువుకున్న కుర్రాళ్ళకి సర్కారు కొలువుల తలుపులు మూసుకుపోయాయి. బతకడానికి కొందరు సహకార సంఘాలు పట్టుకున్నారు. కమ్యూనిస్టు చట్టం అనుమతించిన సందు అదే. టుస్క్ చదివింది చరిత్ర, చేసింది మాత్రం ‘ష్వియెత్లిక్’ అనే సంఘంలో నడుముకి తాడు కట్టుకుని ఫ్యాక్టరీ పొగగొట్టాలకి రంగులేసే పని. ఆ సంఘాన్ని నడిపినవాడు మాచెయ్ ప్వాజిన్‌స్కీ. పేరు గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తాడు. ఆర్థికవేత్త యాన్ క్షిష్తొఫ్ బ్యెలెత్స్కి ఇంకో సహకార సంఘం పెట్టి కంపెనీలకి సలహాలు అమ్మేవాడు.

అంటే వీళ్ళ లిబరలిజం పూర్తిగా పుస్తకాల్లోంచి ఊడిపడింది కాదు. కమ్యూనిజం ఇంకా ఉండగానే సొంతంగా కూలి మాట్లాడుకుని, లెక్కలు రాసుకుని, లాభం పంచుకున్న అనుభవం ఉంది. పుస్తకాలూ ఉన్నాయనుకోండి. 1983లో టుస్క్, స్నేహితులు కలిసి ‘ప్షెగ్లోండ్ పొలితిచ్ని’ అనే రహస్య పత్రిక తెచ్చారు. సాలిడారిటీలో చాలామంది మాట్లాడింది కార్మికుల స్వయంపాలన గురించి. వీళ్ళు మాత్రం సొంత ఆస్తి, మార్కెట్టు అంటూ మొదలుపెట్టారు. 1988 చివర్లో ‘లిబరల్స్ కాంగ్రెస్’ పేరుతో ఒక సంఘం, 1990లో దాన్నే పార్టీ చేశారు. మొదటి అధ్యక్షుడు యానుష్ లెవాండోవ్‌స్కీ, 1991 నుంచి టుస్క్.

ఇక ప్రధాని పదవి. 1990 అధ్యక్ష ఎన్నికల్లో సాలిడారిటీ నిట్టనిలువునా చీలింది. వార్సా, క్రాకూవ్ మేధావులు చాలామంది అప్పటి ప్రధాని తదేయుష్ మజొవియెత్స్కి వెంట నిలబడ్డారు. గ్దాన్‌స్క్ లిబరల్స్ తమ ఊరి సాలిడారిటీ నాయకుడు లెక్ వలేసా పక్కన చేరారు. వలేసా గెలిచాడు, మజొవియెత్స్కికి మూడో స్థానం. గెలిచిన వలేసా 39 ఏళ్ళ బ్యెలెత్స్కిని ప్రధానిని చేశాడు. గమనించారా? అప్పటికి ఆ పార్టీ పేరుమీద ఎవ్వరూ ఒక్క ఓటూ వేయలేదు. ఓట్లకంటే ముందు కుర్చీ వచ్చింది. నా మటుకు నాకు మిగతా కథంతా ఇక్కడినుంచే కారింది.

ఎర్ర_మందారం | రాత్రి 9:03

పొగగొట్టాలకి రంగులేసినవాళ్ళు చివరికి ఆ పొగగొట్టాలున్న ఫ్యాక్టరీలనే అమ్మకానికి పెట్టారు. అది కూడా రాయండి పాత_పేపరు గారూ. సాలిడారిటీ అంటే కార్మిక సంఘం. దాని భుజాలెక్కి వచ్చి ఆ కార్మికులనే రోడ్డుమీద పడేశారు. జనం 1993లో బదులు చెప్పారు, ఇందులో వింతేముంది?

లెక్కల_మాస్టారు | రాత్రి 9:30

ఆవేశం పక్కన పెట్టి అంకెలు చూద్దాం.

1991 అక్టోబర్ 27న కమ్యూనిజం తర్వాత మొదటి పూర్తి స్వేచ్ఛాయుత ఎన్నికలు. సెయ్మ్ (పార్లమెంటు దిగువ సభ) సీట్లు 460. ఓటేసినవాళ్ళు 43 శాతమే. కె.ఎల్.డి.కి 7.49 శాతం, 37 సీట్లు. కనీస ఓటు శాతం నిబంధన లేదు కాబట్టి సభలోకి 29 పార్టీలో, కూటములో వచ్చిపడ్డాయి. మొదటి స్థానంలో వచ్చిన మజొవియెత్స్కి గారి డెమొక్రాటిక్ యూనియన్‌కే 12.32 శాతం, 62 సీట్లు. హాస్యనటుడు పెట్టిన బీరు ప్రియుల పార్టీకి 16 సీట్లు! నవ్వొద్దు, ఆ బీరు పార్టీ చీలాక పెద్ద ముక్క కె.ఎల్.డి.తోనే కలిసి సభలో ఒక క్లబ్బుగా కూర్చుంది.

1993 సెప్టెంబర్ 19. ఈసారి పార్టీకి 5 శాతం, కూటమికి 8 శాతం గీత. కె.ఎల్.డి.కి 3.99 శాతం. సున్నా సీట్లు.

ఇప్పుడు అసలు లెక్క. 1991లో వాళ్ళకొచ్చినవి సుమారు 8 లక్షల 40 వేల ఓట్లు. 1993లో 5 లక్షల 50 వేలు. మూడో వంతు ఓట్లు పోయాయి. అది దెబ్బే, కానీ చావు కాదు. 1991 నిబంధనలే ఉండి ఉంటే 3.99 శాతానికి కొన్ని సీట్లు వచ్చేవి, పార్టీ బతికేది. ఆ 5 శాతం గీత గీసింది కె.ఎల్.డి. కూర్చున్న సభే. చిన్న పార్టీల గోల తగ్గాలని పెట్టుకున్న గీత, తీరా వాళ్ళ మెడకే చుట్టుకుంది.

దెబ్బ తిన్నది వీళ్ళొక్కరే కాదు. సాలిడారిటీ యూనియన్ జాబితాకి 4.9, కుడిపక్ష కవల సోదరులు కచిన్‌స్కీల పార్టీకి 4.4. మొత్తం ఓట్లలో మూడో వంతుకి పైగా సీట్లు తేని పార్టీలకి పడి వృథా అయ్యాయి. ఫలితంగా మాజీ కమ్యూనిస్టుల కూటమి, రైతుల పార్టీ కలిసి 36 శాతం కూడా దాటని ఓట్లతో 303 సీట్లు పట్టుకుపోయాయి. ఎర్ర_మందారం గారూ, జనం ఇచ్చిన బదులులో సగం ఈ గీత ఇచ్చిన బదులే.

సీతాఫలం | రాత్రి 9:41

మాస్టారూ, డెమొక్రాటిక్ యూనియన్, వీళ్ళు ఇద్దరూ మార్కెట్టు అనేవాళ్ళే కదా. ముందే పొత్తు పెట్టుకుంటే సరిపోయేదిగా? 10.59కి 3.99 కలిపితే 8 గీత హాయిగా దాటేవారు.

ఇంకో డౌటు. లెవాండోవ్‌స్కీ ప్రైవేటీకరణ మంత్రి అని చదివాను. ఫ్యాక్టరీలు కొనడానికి కమ్యూనిస్టు దేశంలో ఎవరి దగ్గర డబ్బుంది అసలు?

పాత_పేపరు | రాత్రి 10:20

సీతాఫలం, రెండో డౌటు నీకే కాదు, ఆయనకీ వచ్చిందే. ‘ఎవరిదో తెలియని ఆస్తిని, విలువ ఎవరికీ తెలియని ఆస్తిని, డబ్బు లేని జనానికి అమ్మడమే ప్రైవేటీకరణ’ అనే చమత్కారం లెవాండోవ్‌స్కీ పేరుమీదే తిరుగుతుంది. ఆయన, యాన్ షొంబుర్గ్ కలిసి 1988లోనే ఒక దారి చూపించారు: పౌరులందరికీ వోచర్లు పంచండి, వాటితో వాటాలు కొనుక్కుంటారు అని. కమ్యూనిస్టు ప్రభుత్వం ఇంకా గద్దె మీద ఉండగానే చెప్పిన మాట అది.

అమలు మాత్రం నత్తనడక. 1991 జనవరి నుంచి బ్యెలెత్స్కి కేబినెట్‌లో, మళ్ళీ 1992–93లో హన్నా సుఖోత్స్కా కేబినెట్‌లో లెవాండోవ్‌స్కీయే ఆ శాఖ మంత్రి. బిల్లుని 1993 మార్చిలో సెయ్మ్ తిప్పికొట్టింది, ఏప్రిల్ ఆఖరున మార్పులతో ఒప్పుకుంది. 512 కంపెనీలు, వాటిని చూసుకోడానికి 15 పెట్టుబడి నిధులు. ఒక్కొక్కరూ 20 జ్లోటీలు (పోలండ్ డబ్బు) కట్టి వాటా పత్రం తీసుకోవాలి. జనం చేతికి ఆ పత్రాలు అందింది 1995 చివర్లో! అప్పటికి పార్టీ లేదు, మంత్రి లేడు, గద్దె మీద మాజీ కమ్యూనిస్టులు. రెండున్నర కోట్ల మందికి పైగా తీసుకున్నారు. నలుగురికీ పంచిపెట్టే ఆ ఒక్క పథకం ఎన్నికలకి ముందు చేతికి అందలేదు. ముందే అందింది నిరుద్యోగం, ధరలు.

బ్యెలెత్స్కి ఏడాదిలో జరిగిన మంచి కూడా చెప్పుకోవాలి. 1991 ఏప్రిల్ 16న వార్సా స్టాక్ ఎక్స్ఛేంజి తెరిచారు. ఎక్కడ? కమ్యూనిస్టు పార్టీ కేంద్ర కమిటీ కూర్చున్న భవనంలోనే. మొదటి రోజు ఐదే కంపెనీలు, మొదట్లో వారానికి ఒక్కసారే వ్యాపారం. అదే నెలలో అప్పులిచ్చిన పారిస్ క్లబ్బు దేశాలు పోలండ్ అప్పులో సగం మాఫీకి ఒప్పుకున్నాయి. నన్నడిగితే ఆ ప్రభుత్వం చేసిన అన్నిటికంటే పెద్ద మేలు ఈ అప్పు సంగతే. దాన్ని చూసి ఓటేసినవాళ్ళు మాత్రం ఎంతమంది ఉంటారు? ఇంట్లో కనపడని మేలు అది.

పొత్తు సంగతి: 1990లో వలేసా వైపు వెళ్ళినందుకు మజొవియెత్స్కి మనుషులకి వీళ్ళంటే గుర్రు. వీళ్ళకేమో ఆ పార్టీ వార్సా పెద్దమనుషుల సభలా కనపడేది. 1992–93లో ఒకే ప్రభుత్వంలో పక్కపక్కన కూర్చున్నా ఎన్నికలకి విడివిడిగానే వెళ్ళారు.

ఎర్ర_మందారం | రాత్రి 10:38

కనపడని మేలు గురించి రాశారు, కనపడిన కీడు నేను రాస్తాను. 1989 దాకా అధికారికంగా నిరుద్యోగమే లేని దేశంలో 1993 చివరికి 16 శాతం పైన, దగ్గర దగ్గర 29 లక్షల మంది ఖాళీ. షాక్ థెరపీ (ధరల్ని, వ్యాపారాన్ని ఒక్కసారిగా మార్కెట్టుకి వదిలేయడం) మొదలుపెట్టింది 1990లో లెషెక్ బల్త్సెరోవిచ్, నిజమే, ఆయన కె.ఎల్.డి. మనిషి కాదు. కానీ బ్యెలెత్స్కి ఆయన్నే ఆర్థిక మంత్రిగా ఉంచుకున్నాడు. సర్కారు కంపెనీల్లో జీతాలు గీత దాటి పెంచితే విపరీతమైన పన్ను, ‘పొపివెక్’ అని. ఎక్కడ చూసినా దానిమీదే సమ్మెలు. 1991 అక్టోబర్‌లో ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రాల ఆస్తుల మీద చట్టం చేశారు. ఆ క్షేత్రాలని రద్దు చేసేసరికి ఉత్తరాన, పడమటన ఊళ్ళకి ఊళ్ళు ఒక్కసారిగా పని పోగొట్టుకున్నాయి. అక్కడ ఇల్లు, బడి, క్యాంటీన్ అన్నీ ఆ క్షేత్రానివే.

పోనీ 1992 నుంచే ఆర్థిక వ్యవస్థ పెరగడం మొదలైంది అంటారు మాస్టారు. పెరిగింది. ఎవరికి పెరిగిందో ఎన్నికల్లో తెలిసింది. అలాంటి సమయంలో వీళ్ళ ప్రచారం పది లక్షల కొత్త ఉద్యోగాలు! ఉద్యోగాలు ఊడగొట్టిన ప్రభుత్వంలో కూర్చుని ఆ వాగ్దానం చేస్తే జనం నవ్వరా?

బాల్టిక్_గాలి | అర్ధరాత్రి 12:15

నేను గ్దాన్‌స్క్‌లనే ఉంటున్న, ఇక్కడ ఐటీ పని. మనోళ్ళు చదువులకి, ఉద్యోగాలకి చానామందే వస్తున్నరు ఈ మధ్య. మా టీంల యాభై దాటిన పోలిష్ పెద్దాయనని నిన్న భోజనాల కాడ అడిగిన. ఆయన అయితె షాక్ థెరపీ గురించి మొదలే పెట్టలేదు, సీదా స్కాముల కాడికే పోయిండు. అందుకే అది రాస్తున్న.

1991ల ‘ఆర్ట్-బి’ అనే కంపెనీ గొడవ. అప్పట్ల బ్యాంకుల కంప్యూటర్లు లెవ్వు, ఒక బ్రాంచి నుంచి ఇంకో బ్రాంచికి చెక్కు పోస్టుల పోయేది. చెక్కు దారిల ఉన్నన్ని రోజులు అదే డబ్బు మీద రెండు దిక్కులా వడ్డీ పడుతది. ఇంకా ఎక్కువ బ్రాంచిలు తిప్పితె ఇంకా ఎక్కువ వడ్డీ. అప్పటి వడ్డీ రేట్లు తెలుసు గద, 1990ల ధరలు ఐదారింతలు పెరిగిన దేశం. ఆ కంపెనీ ఓనర్లు కోట్లు పోగేసి 1991 ఎండాకాలంల ఇజ్రాయెల్‌కి ఎగిరిపోయిన్రు. బ్యెలెత్స్కి ప్రధానిగ ఉన్నప్పుడే జరిగింది. పార్టీ వాళ్ళు ఆ డబ్బు తిన్నరని కోర్టుల తేలింది లేదు. అయినా కచిన్‌స్కీల వైపు వాళ్ళు ‘లిబెరాల్-అఫెరాల్’ అని ప్రాస కట్టిన్రు, అంటే లిబరల్ అన్నోడల్లా స్కాములోడే అన్నట్టు. ఆ మాట ముప్పై ఏండ్ల తర్వాత మా పెద్దాయన నోట్ల ఇంకా ఉన్నది చూడుండ్రి.

లెవాండోవ్‌స్కీ మీద గూడ క్రాకూవ్‌ల రెండు కంపెనీల అమ్మకం మీద కేసు పెట్టిన్రు. ఏండ్లకేండ్లు నడిచి ఆఖరుకి నిర్దోషి అని తేలింది. గానీ తీర్పు వచ్చేసరికి ఎవరికి గుర్తున్నది? కేసు పెట్టింది మాత్రం అందరికి గుర్తుంది.

నీలగిరి | ఉదయం 7:05

అద్భుతంగా నడుస్తోంది చర్చ. 1992 జూన్ రాత్రి గురించి ఎవరైనా రాయండి. టుస్క్ వ్యతిరేకులు ఇప్పటికీ ఆ వీడియో ముక్క తిప్పుతుంటారు.

పాత_పేపరు | ఉదయం 8:30

జూన్ 4 రాత్రి. బ్యెలెత్స్కి తర్వాత వచ్చిన ప్రధాని యాన్ ఒల్షెవ్‌స్కీ. ఆయన హోం మంత్రి ఆ రోజు పొద్దున, పాత కమ్యూనిస్టు రహస్య పోలీసుల ఫైళ్ళలో సహకరించినవాళ్ళుగా నమోదైన నాయకుల జాబితాలు పార్లమెంటుకి పంపాడు. ఒక జాబితాలో సాక్షాత్తూ వలేసా పేరు. అర్ధరాత్రి దాటేసరికి ప్రభుత్వం పడిపోయింది. పడగొట్టడానికి నాయకులు ఒక గదిలో మంతనాలు ఆడుతుంటే కెమెరా తిరుగుతోంది. అందులో ముప్పై అయిదేళ్ళ టుస్క్, ఓట్లు లెక్కపెట్టుకుందాం అంటున్నట్టు దొరికింది. మామూలుగా అయితే ఏ పార్లమెంటరీ నాయకుడైనా అనే మాటే. కానీ కుడిపక్షం వాళ్ళకి అది కుట్రకి సాక్ష్యం. కచిన్‌స్కీల శిబిరానికీ టుస్క్‌కీ మధ్య ఇప్పటి పగ 2005 ఎన్నికల్లో మొదలైందని చాలామంది రాస్తారు. నేనైతే దాని మొదలు ఈ రాత్రిలోనే చూస్తాను.

తర్వాత సుఖోత్స్కా ప్రభుత్వం, ఏడు పార్టీల అతుకుల బొంత. అందులో కె.ఎల్.డి.కి మంత్రి పదవులు. 1993 మే 28న సాలిడారిటీ యూనియన్ ఎంపీలు పెట్టిన అవిశ్వాసం ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. వలేసా సభని రద్దు చేసి ఎన్నికలు పెట్టాడు. అవిశ్వాసం పెట్టిన ఆ యూనియన్ జాబితా కూడా 4.9 దగ్గర ఆగిపోయింది, మాస్టారు పైన చెప్పారుగా. తాము కూర్చున్న కొమ్మని తామే నరుక్కున్నారు.

సీతాఫలం | ఉదయం 9:12

ఇదంతా చదువుతుంటే మన స్వతంత్ర పార్టీ గుర్తొచ్చింది. 1959లో పెట్టారు, మొదటి అధ్యక్షుడు మన గుంటూరు జిల్లా ఎన్.జి. రంగా గారు. 1967లో లోక్‌సభలో 44 సీట్లు, 1974కి వేరే పార్టీలో విలీనం. వీళ్ళలాగే మార్కెట్టు, సొంత ఆస్తి అన్నవాళ్ళు.

ఎర్ర_మందారం | ఉదయం 9:20

పోలిక కుదరదు తల్లీ. స్వతంత్ర పార్టీ వెనక భూములున్న రైతులు, మాజీ సంస్థానాధీశులు, వ్యాపారులు ఉన్నారు. ఉన్న ఆస్తిని కాపాడుకోడానికి పెట్టుకున్న పార్టీ అది. పోలండ్‌లో కాపాడుకోడానికి ఆస్తి ఎవరి దగ్గరుంది? కె.ఎల్.డి. నిలబడింది ఇంకా పుట్టని పెట్టుబడిదారుల తరఫున. పెళ్ళికూతురు దొరక్కముందే పందిరి వేశారు.

లెక్కల_మాస్టారు | ఉదయం 9:48

ఎర్ర_మందారం గారితో ఏకీభవించాల్సి వస్తుందని అనుకోలేదు! సమాజ శాస్త్రవేత్త యాద్విగ స్తనిష్‌కిస్ ఇలాంటి మాటే అన్నారు, ఆ రోజుల నాయకులు ప్రతినిధులుగా నిలిచింది ‘సిద్ధాంతపరమైన ప్రయోజనాల’కని. ఆ ప్రయోజనాలు గల వర్గం ఇంకా లేదు, వీళ్ళ సంస్కరణల వల్లే రాబోయే రోజుల్లో పుట్టాలి.

మరి పుట్టాక ఏం జరిగిందో చూడాలిగా. 1994 ఏప్రిల్ 23న కె.ఎల్.డి., డెమొక్రాటిక్ యూనియన్‌తో కలిసి ఫ్రీడమ్ యూనియన్ అయింది. మజొవియెత్స్కి అధ్యక్షుడు, టుస్క్ ఉపాధ్యక్షుడు. 1997లో 13.37 శాతం, 60 సీట్లు. గ్దాన్‌స్క్ వాళ్ళు మాత్రం ఆ ఇంట్లో ఎప్పుడూ చిన్న వాటాదారులే. 2000 డిసెంబర్‌లో అధ్యక్ష పదవికి టుస్క్ పోటీపడి బ్రోనిస్వావ్ గెరెమెక్ చేతిలో ఓడాడు. నెల తిరక్కుండా బయటికొచ్చి ఆంద్జెయ్ ఒలెహోవ్‌స్కీతో, మన పాత రంగుల సంఘం ప్వాజిన్‌స్కీతో కలిసి 2001 జనవరిలో సివిక్ ప్లాట్‌ఫామ్ పెట్టాడు. ఆ ఏడాది ఎన్నికల్లో ప్లాట్‌ఫామ్‌కి 12.68 శాతం, 65 సీట్లు. పాత ఇల్లు ఫ్రీడమ్ యూనియన్‌కి 3.10, సున్నా సీట్లు. 2007లో ప్లాట్‌ఫామ్‌కి 41.5 శాతం, టుస్క్ ప్రధాని. 3.99 నుంచి 41.5కి పద్నాలుగేళ్ళు పట్టింది.

బాల్టిక్_గాలి | మధ్యాహ్నం 1:30

మధ్యల టుస్క్ ఏం చేసిండో గూడ చెప్పాలె. 1993ల ఓడినంక కొన్నేండ్లు పాత గ్దాన్‌స్క్ ఫోటోల ఆల్బమ్‌లు అచ్చేసిండు. యుద్ధానికి ముందటి జర్మన్ కాలపు వీధులు, 1945ల కాలిపోయినయి. మస్తు అమ్ముడుపోయినయి ఇక్కడ, ఇప్పటికీ పాత పుస్తకాల షాపుల దొరుకుతయి. మా ఓనర్ ఇంట్ల ఒకటి ఉన్నది. నాకైతె ఆయన రాజకీయాలకంటె ఆ ఆల్బమే మంచిగనిపిస్తది.

మిగతోళ్ళు గూడ ఎక్కడికీ పోలేదు. బ్యెలెత్స్కి 1993ల లండన్ పోయి యూరోపియన్ అభివృద్ధి బ్యాంకుల పదేండ్లు, ఆ తర్వాత ఇక్కడి పెకావ్ బ్యాంకుకి పెద్ద. లెవాండోవ్‌స్కీ 2010 నుంచి 2014 దాక యూరోపియన్ యూనియన్ బడ్జెట్ కమిషనర్. వ్రోత్స్వావ్‌ల కె.ఎల్.డి.ల తిరిగిన గ్జెగోష్ స్హెతినా తర్వాత విదేశాంగ మంత్రి. పార్టీ ఓడింది గని మనుషుల జాలం తెగలేదు.

నీలగిరి | సాయంత్రం 6:40

అయితే మాస్టారూ, ఆ 41.5 శాతం కె.ఎల్.డి. సిద్ధాంతానికి పడిందనుకోవాలా? మధ్యతరగతి పుట్టింది కాబట్టి పాత సరుకే కొత్త కొట్లో అమ్ముడుపోయిందా?

పాత_పేపరు | రాత్రి 7:25

నాకలా అనిపించదు. ప్లాట్‌ఫామ్ పెట్టినప్పుడు పేరులో లిబరల్ అన్న ముక్కే లేదు. మొదట్లో పార్టీ అని కూడా అనలేదు, వేదిక అన్నారు. 2005లో కచిన్‌స్కీలు ‘సాలిడారిటీ పోలండా, లిబరల్ పోలండా’ అని ఎన్నికలని చీల్చి, అధ్యక్ష పదవికి టుస్క్‌ని ఓడించారు. పన్నెండేళ్ళ తర్వాత కూడా ఆ బిరుదు ఓట్లు కోసింది. దాంతో 2007 ప్రచారంలో టుస్క్ మాట్లాడింది పన్నుల సిద్ధాంతం కాదు. ఐర్లాండ్, ఇంగ్లండ్ వెళ్ళిపోయిన పిల్లలు తిరిగొచ్చే దేశం చేస్తాం, డాక్టర్లకి, టీచర్లకి జీతాలు పెంచుతాం అన్నాడు. అధికారంలోకి వచ్చాక కూడా పెద్ద సంస్కరణ జోలికి వెళ్ళాలంటే పది సార్లు ఆలోచించేవాడు. ధైర్యం చేసి 2012లో పదవీ విరమణ వయసు 67కి పెంచాడు. తర్వాత వచ్చినవాళ్ళు దాన్ని వెనక్కి తిప్పేశారు.

ఎర్ర_మందారం | రాత్రి 7:40

ఇంత ఓపికగా రాసినందుకు థాంక్స్ పాత_పేపరు గారూ, కానీ అసలు మజా వదిలేశారు. 2014లో ప్రైవేటు పింఛను నిధుల్లో సగం పైగా ఆస్తిని ప్రభుత్వ పింఛను సంస్థకి మళ్ళించింది ఎవరు? టుస్క్ ప్రభుత్వమే.

లెక్కల_మాస్టారు | రాత్రి 7:58

51.5 శాతం, ప్రధానంగా ప్రభుత్వ బాండ్లు. వాటిని రద్దు చేసి జాతీయ అప్పు తగ్గించి చూపించారు. గట్టిగా గొంతెత్తి వ్యతిరేకించినవాళ్ళలో మొదటివాడు బల్త్సెరోవిచ్. 1991లో బ్యెలెత్స్కి ఆర్థిక శాఖలో ఉంచుకున్న మనిషి.